ఆరు గంటలకే ముఖం కడుక్కోండి

(విజయనగరంలోని ఒక మహిళా కళాశాల వసతిగృహంలో, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

వార్డెన్ గారికి, సహ అధ్యాపకులకు, విద్యార్థినులందరికీ నమస్కారం. ఈ సభకు మీరు గోడ మీద అంటించిన కాగితంలో ‘చర్మ సౌందర్యం’ అని పేరు పెట్టారు. సౌందర్యం గురించి మాట్లాడే అధికారం నాకు లేదు. జిడ్డు గురించి మాట్లాడే అధికారం మాత్రం నిండుగా ఉంది. పదమూడో ఏట మొదలైన జిడ్డు ముఖం నన్ను యాభై దాటేదాకా వదలలేదు. ఆ కాలమంతా తరగతిలో ఆమ్లం, క్షారం, సబ్బు అంటూ పాఠాలు చెబుతూనే, ఇంటికి వెళ్ళి నా ముఖాన్ని మాత్రం అంట్లు తోమినట్టు తోముకున్నాను. నేను వైద్యురాలిని కాను. మందుల ప్రస్తావన వచ్చిన చోట మిమ్మల్ని చర్మవైద్యుల దగ్గరికి పంపిస్తాను. మిగిలిన చోట నా పాఠం నేను చెబుతాను.

“మేడమ్, మొకమంతా జిడ్డు కారిపోతంది, ఏటి రాయాల?” అని ఇన్నేళ్ళలో ఎందరు అమ్మాయిలు అడిగారో లెక్కలేదు. గమనించండి, ప్రతి ఒక్కరూ ఏం రాయాలనే అడిగారు కానీ, ఏం మానెయ్యాలని ఒక్కరూ అడగలేదు. అలా అడగడం వెనుక జిడ్డు అంటే మురికి అనే నమ్మకం ఉంది. జిడ్డు మురికి కాదు. అరచేతులు, అరికాళ్ళు మినహా ఒంటి మీద దాదాపు అంతటా వెంట్రుక కుదుళ్ళ పక్కన తైలగ్రంథులు ఉంటాయి. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర ఇవి చాలా దట్టంగా ఉంటాయి. ముఖం మీద చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటాయని చర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఆ గ్రంథిలోని కణం తనలో నూనె నింపుకొని, నిండాక తానే పగిలిపోయి, ఆ నూనెతో సహా బయటికి వస్తుంది. ఈ నూనెకు సెబమ్ అని పేరు. ఎంత నూనె తయారు కావాలో నిర్ణయించేది ప్రధానంగా ఆండ్రోజెన్లనే హార్మోన్లు. అందుకే ఈడు వచ్చే వయసులో ఇది ఉప్పెనలా మొదలవుతుంది. మీరు రోజుకు ఎనిమిదిసార్లు ముఖం కడిగినా గ్రంథికి ఆ సంగతి తెలియదు. అది మీ సబ్బు మాట వినదు, హార్మోన్ల మాట వింటుంది. కడగడం వల్ల పోయేది పైన పేరుకున్న నూనె మాత్రమే. ఈ ఒక్క విషయం నాకు పద్దెనిమిదో ఏట ఎవరైనా చెప్పి ఉంటే చాలా సబ్బు మిగిలేది.

అయితే సాయంత్రానికి అంత ప్రాముఖ్యం ఎందుకు? సెబమ్ ఊరడం మధ్యాహ్నపు వేళల్లో ఎక్కువగా, రాత్రి తక్కువగా ఉంటుంది. అంటే సాయంత్రం మీరు గదికి చేరేసరికి ఆ రోజు సరుకంతా ముఖం మీదే ఉంటుంది. దానిలో స్క్వాలీన్ అనే పదార్థం ఉంది. దానికి ఎండ, గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. మూకుడులో మిగిలిన పాత నూనె కొన్నాళ్ళకు ముక్కవాసన వేస్తుంది కదా, ఆ రసాయన చర్యకు ఇది దగ్గరి చుట్టం. అలా మారిన స్క్వాలీన్ రోమరంధ్రాలను పూడ్చే స్వభావం కలది. మొన్న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మీలో చాలామంది కోట దగ్గర, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎండలో గంటల తరబడి నిలబడి ఉంటారు. ఆ సాయంత్రం మీ ముఖం మీద చెమట ఉప్పు, దుమ్ము, పసుపు, కుంకుమ, పొద్దున రాసుకున్న సన్‌స్క్రీన్, వీటన్నిటినీ కలిపి పట్టుకున్న నూనె ఉన్నాయి. సిరిమాను చూసి వచ్చి అలాగే పడుకున్నవారికి మరునాటి సంగతి నేను చెప్పక్కరలేదు.

కాబట్టి నా మొదటి సూచన వేళ గురించి. రాత్రి పడుకునే ముందు కడుక్కుందామని అనుకుంటే, స్టడీ అవర్ ముగిసేసరికి పది గంటలవుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, బాత్రూము ముందు వరుస ఉంటుంది, ముఖం కడగకుండానే మంచం ఎక్కుతారు. అందుచేత బయటి నుంచి రాగానే, ఆరు గంటలకే, బట్టలు మార్చుకునేటప్పుడే ముఖం కడుక్కోండి. ఆ వేళకు కడిగితే మరో లాభం కూడా ఉంది, దాన్ని మందుల దగ్గర చెబుతాను.

ఇప్పుడు ఈ బల్ల మీదికి చూడండి. ఒక గిన్నెలో ఒంటి సబ్బు నురుగు ఉంది, రెండో గిన్నెలో జిడ్డు చర్మానికని అమ్మే ఫేస్‌వాష్ నురుగు ఉంది. రెండింటిలోనూ పీహెచ్ కాగితం, అంటే ద్రవం ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే కాగితం, ముంచుతున్నాను. మొదటిది ఆకుపచ్చ దాటి నీలం వైపు, అంటే క్షారం వైపు వెళ్ళింది. రెండోది పసుపు దగ్గరే, అంటే ఆమ్లం వైపే ఆగింది. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం, కనుక దాని నురుగు పీహెచ్ సాధారణంగా 9కీ 10కీ మధ్య ఉంటుంది. మన చర్మం పైపొర సహజంగా ఆమ్ల స్వభావం కలది, ఇంచుమించు 5, 5.5 దగ్గర. పీహెచ్ కొలమానంలో ఒక అంకె తేడా అంటే పదింతలని మీకు ఇంటర్‌లోనే చెప్పి ఉంటారు, 5.5కీ 9.5కీ మధ్య నాలుగు అంకెల తేడా అంటే పదివేల రెట్లు. అంత క్షారం తగిలినప్పుడు చర్మం పైపొర ఉబ్బుతుంది, కణాల మధ్య గారలా ఉండే కొవ్వులు కొంత కరిగిపోతాయి, తిరిగి తన ఆమ్ల స్వభావానికి రావడానికి దానికి గంటలు పడుతుంది. కడిగిన వెంటనే ముఖం బిగిసినట్టు అనిపిస్తుందే, దాన్ని మనం శుభ్రమైన గుర్తుగా తీసుకున్నాం. నిజానికి అది దెబ్బ తిన్న గుర్తు. పైగా బోరు నీరు. గట్టినీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్టు అంచున కనిపించేది అదే, ముఖం మీద మిగిలేదీ అదే. చాలా ఫేస్‌వాష్‌లలో సబ్బుకు బదులు వేరే శుభ్రకాలు వాడతారు కనుక వాటితో ఈ తెట్టు బెడద ఉండదు. ఖరీదైనది అక్కరలేదు, సువాసన తక్కువగా ఉండి, కడిగాక ముఖం బిగియనిది ఏదైనా సరిపోతుంది.

కడిగే పద్ధతికి పెద్ద శాస్త్రం లేదు. చేతులు ముందు కడుక్కోవాలి. చల్లటి నీరో, గోరువెచ్చటి నీరో వాడాలి కానీ వేడినీరు వద్దు. రూపాయి బిళ్ళంత ఫేస్‌వాష్‌ను వేళ్ళ కొసలతో అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా రుద్ది, జుట్టు మొదళ్ళ దగ్గర, దవడ కింద నురుగు మిగలకుండా కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. అద్దుకోవాలి అన్నాను, తుడుచుకోవాలి అనలేదు. మన పొందూరులో నేతకు ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్ళ బారు పత్తి కోసం, ముఖం కోసం కాదు. గరుకు తువ్వాళ్ళూ, వాల్‌నట్ పొడి స్క్రబ్బులూ చేసే పని అలాగే ఉంటుంది. ముక్కు మీది నల్లటి చుక్కలు మురికి అనుకొని గీకేవాళ్ళు ఉన్నారు. ఆ నలుపు రంధ్రం నోట్లో గాలి తగిలిన పదార్థం, మెలనిన్ కలిసి తెచ్చుకున్న రంగు. లోపలిదాకా మురికి లేదు, గీకితే పోదు. మేకప్పు వేసుకున్న రోజున, ముఖ్యంగా మన సంగీత నృత్య కళాశాలలో వేదిక ఎక్కే అమ్మాయిలు, ముందు మైసెల్లార్ వాటర్‌తో దూది తడిపి ఆ రంగును తీసేసి, ఆ తరువాత ఫేస్‌వాష్ వాడాలి. మిగిలిన రోజుల్లో ఇలా రెండు విడతలుగా కడగనక్కరలేదు.

ఇంట్లో ఉన్నవాటి సంగతి ఏమిటని మీరు అడుగుతారు. సున్నిపిండిని నేను తక్కువ చేయను. భోగినాడు ఒంటికి నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టడంలో పిండి నూనెను పీల్చుకొనే ఏర్పాటు చక్కగా ఉంది. కానీ అది నూనె రాసుకున్న ఒంటికి, ఏడాదికి కొన్నిసార్లు చేసే పని. మొటిమలున్న ముఖం మీద రోజూ ఆ గరుకు పిండి రుద్దితే మొటిమ పగిలి మచ్చ మిగులుతుంది. మన గోధుమ, చామన ఛాయ చర్మంలో మొటిమ మానిన చోట నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది, కాబట్టి మనకు మొటిమకంటే దాన్ని గిల్లడమే ఎక్కువ ఖరీదు. ముల్తానీ మట్టి వారానికి ఒకసారి పట్టించుకుంటే అభ్యంతరం లేదు, పూర్తిగా ఎండి పగుళ్ళిచ్చేలోపు కడిగేయాలి. నిమ్మరసం మాత్రం ముట్టుకోవద్దు. దాని పీహెచ్ ఇంచుమించు 2. పైగా నిమ్మజాతి రసాల్లో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లగా చేసే పదార్థాలు ఉన్నాయి. వంటసోడా క్షారం కనుక సబ్బు చేసే హానే చేస్తుంది. టూత్‌పేస్టు పళ్ళకు.

ఇక రాత్రి. కడిగిన ముఖం ఆరు నుంచి పదిదాకా ఆరి, స్థిమితపడి ఉంటుంది. మధ్యలో చెమట పట్టినట్టనిపిస్తే మామూలు నీళ్ళు చల్లుకొని అద్దుకోండి, మళ్ళీ ఫేస్‌వాష్ వద్దు. రాత్రి రాసే మందులు తడి ముఖం మీద ఎక్కువ మంట పుట్టిస్తాయి, అందుకే కడిగాక ఇరవై నిమిషాలు ఆగమని వైద్యులు చెబుతారు. ఆరింటికే కడిగినవారికి ఆ ఇరవై నిమిషాలు కాచుకునే పని ఉండదు. నేను ఇందాక దాచిపెట్టిన లాభం ఇదే.

ఒక్క మందు చాలని నా గట్టి అభిప్రాయం. బజారులో సీసాలు వరుసలుగా ఉన్నాయి, సీరమ్ మీద సీరమ్ రాయమంటారు. ఆరు వస్తువులు ఒకేసారి మొదలుపెట్టిన ముఖం ఎర్రబడితే, ఆ ఆరింటిలో దోషి ఎవరో ఏ పరీక్షతోనూ తేల్చలేం. ప్రయోగశాలలో ఒకసారికి ఒక్క చరరాశినే మార్చమని మీకు నేర్పింది ఇందుకే. మొదటి రెండు వారాలు కడగడం, మాయిశ్చరైజర్ మాత్రమే చేయండి. ఆ తరువాత ఒక మందు కలపండి.

మొటిమలు లేకుండా జిడ్డు, నల్లచుక్కలు మాత్రమే ఉన్నవారికి సాలిసిలిక్ ఆమ్లం సరిపోతుంది. ఈ పేరు విల్లో చెట్టు లాటిన్ పేరు సేలిక్స్ నుంచి వచ్చింది. ఆస్పిరిన్‌కు ఇది పుట్టిల్లు. నీటిలో అంతగా కరగదు, నూనెలో కలుస్తుంది, కనుక నూనె నిండిన రంధ్రంలోకి దిగి, అక్కడ అతుక్కున్న మృతకణాలను విడదీస్తుంది. 1 లేదా 2 శాతం చాలు, వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టాలి. ఆస్పిరిన్ పడనివారు దీని జోలికి పోవద్దు. మొటిమలు ఎర్రగా, చీముతో వస్తుంటే బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంది. మొటిమల్లో పాలుపంచుకునే క్యూటిబాక్టీరియం ఆక్నిస్ అనే సూక్ష్మజీవి ఆక్సిజన్‌ను ఇష్టపడదు. ఈ మందు రంధ్రంలో ఆక్సిజన్ విడుదల చేస్తుంది. యాంటీబయాటిక్‌లకు అలవాటుపడినట్టు సూక్ష్మజీవి దీనికి అలవాటుపడదు. 2.5 శాతం చాలు, శాతం పెంచితే ప్రధానంగా పెరిగేది మంటే.

మూడోది అడాపలీన్, విటమిన్ ‘ఎ’ కుటుంబపు రెటినాయిడ్. అమెరికాలో 0.1 శాతం అడాపలీన్‌ను 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దేశంలో వైద్యుల చీటీ కావాలి, అలా ఉండడమే మంచిదని నా ఉద్దేశం. రంధ్రం మూసుకుపోవడానికి కారణమయ్యే కణాలు సక్రమంగా రాలేలా చేయడం దీని పని. వాడే విధానం తెలియక దీన్ని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. మొటిమ మీద చుక్కలా పెట్టే మందు కాదిది. బఠాణీ గింజంత తీసుకొని నుదురు, రెండు చెంపలు, ముక్కు, గడ్డం మీద అయిదు చుక్కలుగా పెట్టి, కళ్ళకూ పెదవుల మూలలకూ తగలకుండా ముఖమంతా పలుచగా రాయాలి. మొదట రాత్రి విడిచి రాత్రి వాడాలి. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, మొటిమలు కొంచెం పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వరినారు పోసిన మూడోనాడే కంకి కోసం చూసే రైతు ఉండడు కానీ, ముఖం విషయంలో మనమందరం అలాగే చూస్తాం. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. గర్భవతులు, గర్భం కోసం చూస్తున్నవారు రెటినాయిడ్లు వాడకూడదు. ఈ మాట ఇంట్లో మీ అక్కలకు, వదినలకు కూడా చెప్పండి, ఒకే ట్యూబు ఇంటిల్లిపాదీ వాడే అలవాటు మనది.

ఆ పైన మాయిశ్చరైజర్. “జిడ్డు ముఖానికి మళ్ళీ క్రీమా?” అని అందరూ ముఖం చిట్లిస్తారు. నూనె వేరు, తేమ వేరు. పైన జిడ్డుగా ఉన్న చర్మంలోనూ నీరు తక్కువగా ఉండవచ్చు. రాత్రిపూట చర్మం నుంచి నీరు ఆవిరైపోవడం పగటికంటే ఎక్కువ. మందు వాడేవారికి అది ఇంకా ఎక్కువ. గ్లిజరిన్ ఉన్న జెల్ రకం, డబ్బా మీద ‘నాన్ కొమెడోజెనిక్’, అంటే రంధ్రాలను పూడ్చనిది, అని రాసి ఉన్నది తీసుకోండి. విటమిన్ ‘బి3’ రూపమైన నయాసినమైడ్ కలిసినదైతే మరీ మంచిది, 2 శాతం మోతాదులో కూడా అది జిడ్డును కొంత తగ్గించగలదు. కొబ్బరినూనె మాత్రం ముఖానికి వద్దు, అది రంధ్రాలను పూడుస్తుంది.

నూనె మాట వచ్చింది కనుక తల సంగతి చెప్పాలి. మన ఇళ్ళలో ఆడపిల్ల పడుకునే ముందు తలకు నూనె పట్టించి జడ వేయడం ఒక ఆప్యాయత. ఆ ఆప్యాయత రాత్రంతా దిండు మీదికి, దిండు నుంచి నుదుటి మీదికి కారుతుంది. జుట్టు మొదళ్ళ వెంట వరుసగా వచ్చే సన్నటి పొక్కులకు తరచుగా కారణం ఇదే. నూనె మానమని అనను. తలంటుకు గంట ముందు పట్టించుకొని కడిగేయండి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ సాయంత్రం నేను వచ్చిన అసలు కారణం. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదివిన ఒక అమ్మాయి మొటిమలకని ఒక మందుల దుకాణంలో ట్యూబు కొనుక్కుంది. వైద్యుడి చీటీ అడగలేదు. రెండు వారాల్లో మొటిమలు పోయి, ముఖం తెల్లబడి, హాస్టల్ అంతా ఆ ట్యూబు పేరు రాసుకుంది. అయిదో నెలలో ఆమె చెంపలు ఎండలోకి వెళ్తే నిప్పు తగిలినట్టు మండేవి, సన్నటి ఎర్ర నరాలు పైకి కనిపించేవి, పైపెదవి మీద నూగు పెరిగింది. రాయడం మానితే మునుపటికంటే ఎక్కువ మొటిమలు వచ్చేవి, కాబట్టి మానలేకపోయేది. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. చర్మం రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, రెటినాయిడ్ రకమైన ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపిన మిశ్రమాన్ని 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే చర్మవైద్యులు నల్లమచ్చల చికిత్సకు ప్రకటించారు. వైద్యుల పర్యవేక్షణలో కొద్దికాలం వాడవలసిన ఆ తరహా మిశ్రమం మన దేశంలో తెల్లబరిచే క్రీముగా వీధికెక్కింది. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకుండా ప్రభుత్వం 2018లో నిబంధన బిగించింది. నిబంధన కాగితం మీద ఉంది, ట్యూబు మాత్రం ఇప్పటికీ దొరుకుతోంది. మీ దగ్గరున్న ట్యూబును వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానితే ముఖం తిరగబెడుతుంది కనుక, ట్యూబును చేతపట్టుకొని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

వైద్యులను కలవాల్సిన సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. గడ్డల్లాంటి లోతైన మొటిమలు, గుంటలు పడడం, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు రావడం అందులో ముఖ్యమైనవి. మూడోదానికి మూలం అండాశయాల్లో ఉండవచ్చు. ఇంకొకటి మన తీరప్రాంతపు ఉక్కకు బాగా సరిపోయేది: నుదురు మీద, వీపు మీద ఒకే సైజులో, దురద పెట్టే సన్నటి పొక్కులు. ఇవి మొటిమలు కాకపోవచ్చు, మలసీజియా అనే ఈస్టు వల్ల కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వాడితే తగ్గకపోగా పెరుగుతుంది.

ఎవరైనా అడగదలచుకుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, బజ్జీలు తింటే ముఖం మీదికి నూనె వస్తుందా?)

రాదమ్మా. బజ్జీ నూనె అలాగే చెంప మీదికి వచ్చే దారి శరీరంలో లేదు. అతిగా తీపి పదార్థాలకు, పాలకు మొటిమలతో కొంత సంబంధం ఉందని పరిశోధనల్లో కనిపించింది కనుక, టీలో చక్కెర తగ్గించుకుంటే మంచిదే. మామిడిపండు వేడి చేసి మొటిమలు వస్తాయంటారు. మామిడిపండ్ల కాలమే చెమట కాలం కూడా, నేను పండును అనుమానించను. బజ్జీ తిన్న చేతిని ముఖానికి పెట్టుకోకండి, అది చాలు.

(మరొక విద్యార్థిని: రాత్రి రాసిన మందు దిండుకు అంటుకోదా మేడమ్?)

అంటుకుంటుంది. రాసిన పదిహేను నిమిషాలకు కానీ తల దిండు మీద పెట్టకండి, గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి, అది రంగు బట్టలను వెలిసిపోయేలా చేస్తుంది. మా మేనకోడలు ఒక వేసవిలో వారం రోజులు నా దగ్గర ఉండి వెళ్ళింది. నా నీలం గలీబు మీద ఆమె ఎడమ చెంప ఆకారం తెల్లగా మిగిలింది, ఎన్ని ఉతుకులు ఉతికినా అలాగే ఉంది. గలీబు, తువ్వాలు రెండూ తెల్లవే వాడండి.